హెచ్‌.ఐ.వి. టీకాకై ప్రతిరక్షకముల అన్వేషణ

1983లో పారిసునందలి పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, ల్యూక్ మాంటనియే ప్రభృతులు ఎయిడ్సు వ్యాధికి మూలమగు వైరసును వేఱుపఱచిన మఱుసటి యేట, అమెరికా ఆరోగ్యశాఖామంత్రిణి మార్గరెట్ హెక్లర్ రెండేండ్లలో టీకా పరీక్షకు సిద్ధము కాగలదని ఆశ వెలిబుచ్చిరి. మశూచి సమూలముగ నిర్మూలితమగుటను కన్నులార గాంచిన ఆ తరమున కట్టి యాశ సహజమే. కాని యీ వైరసు తన పైపొరయందలి ప్రోటీనును ఎడతెగక మార్చుకొనుచు, దానిపై చక్కెర యణువుల దట్టపు కవచమును తొడుగుకొనుచు, శరీరము ఒక రూపమునకు తగిన ప్రతిరక్షకములను, అనగా యాంటీబాడీలను, సిద్ధపఱచునంతలో వేఱొక రూపమున తప్పించుకొనును. ఆ ప్రోటీను శకలముతో చేసిన తొలి టీకా 2003లో పెద్ద పరీక్షలయందు నిష్ఫలమయ్యెను.

అయినను కొలదిమంది రోగుల రక్తమున, వ్యాధి సోకిన కొన్ని యేండ్లకు, బహువిధ ప్రభేదములను నిర్వీర్యము చేయగల అపూర్వ ప్రతిరక్షకములు తమంతట తామే పుట్టుచుండుట శాస్త్రజ్ఞుల దృష్టి నాకర్షించెను. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో డెన్నిస్ బర్టన్ బృందము 1990 దశకపు తొలినాళ్లలో వెలికిదీసిన ‘బి12’ ఇట్టివానిలో మొదటి వరుసది. 2010లో బెథెస్డాలోని టీకా పరిశోధన కేంద్రము ప్రకటించిన ‘వీఆర్‌సీ01’ పరీక్షకు పెట్టిన ప్రభేదములలో సుమారు 90 శాతమును అణచెను. దీని బలమునకు హేతువు మిక్కిలి మనోహరము: వైరసు మానవకణమును పట్టుకొను తావు ఏది కలదో, ఏ తావును మార్చుకొన్నచో దానికి కణప్రవేశమే దుర్లభమగునో, ఆ తావుననే యీ ప్రతిరక్షకము అంటుకొనును. 2013లో డ్యూక్ విశ్వవిద్యాలయమునందు బార్టన్ హేన్స్, ఆయన సహచరులు, ఒక ఆఫ్రికా రోగి రక్తమును వ్యాధి సోకిన తొలివారములనుండి పరిశీలించి, వైరసు మాఱినకొలది ప్రతిరక్షకమును మాఱుచు, పెక్కు ఉత్పరివర్తనముల పిదపగాని ఆ ప్రౌఢశక్తిని పొందదని నిరూపించిరి. ఆ శక్తి చేకూరునప్పటికి రోగిని కాపాడు వేళ మించియే యుండును. తమకు అక్కఱకు రాని యా రక్తసంపదను లోకమున కొసగిన వారి ఋణమును ఈ శాస్త్రము ఎన్నటికిని మఱవరాదు.

ప్రతిరక్షకమునే నేరుగ మనుష్యులకిచ్చి చేసిన, 2021లో ఫలితములు వెల్లడియైన పరీక్షలలో, సుమారు 4,600 మంది పాల్గొనగా, వీఆర్‌సీ01 మొత్తముమీద వ్యాధి సోకుటను తగ్గింపలేకపోయెను గాని, దానికి సులభముగ లొంగు ప్రభేదముల విషయమున 75 శాతము రక్షణ కలిగించెను. దీనిని పరాజయమనువారు కలరు. నా మతమున, తగిన ప్రతిరక్షకము మానవుని కాపాడగలదనుటకు ఇంతకంటె గట్టి సాక్ష్యము అక్కఱలేదు.

అక్షరాభ్యాసమైన బాలుని క్రమముగా కావ్యపాఠమునకు గొనిపోవునట్లు, ప్రతిరక్షకములను పుట్టించు పుట్టుకతోడి బి కణములను ఒక్కొక్క టీకాతో మెట్టుమెట్టుగా ఆ ప్రౌఢరూపమునకు నడిపింపవలెననునది నేటి మార్గము. శాస్త్రజ్ఞుడగు విలియం షీఫ్ బృందము రూపొందించిన తొలిమెట్టు టీకాను పొందిన 36 మందిలో 35 మందికి ఆ జాతి కణములు మేల్కొన్నవని 2022లో ప్రకటితమైనది. తుదిమెట్టు వఱకు నడిపించు టీకా మాత్రము ఇంకను రూపొందలేదు.