పండగ వంటకి పనిముట్లు – వాటి వెనకటి కథ



పండగ నాలుగు రోజులుందనగానే మనం చేయించే మొదటి పని అటక మీది పెద్ద గిన్నెలు దింపించడం. వాటిని తోముతూ, ఇవి ఎక్కడినుంచి వచ్చాయి, ఎప్పుడు వచ్చాయి అని ఎప్పుడైనా ఆలోచించారా? రాజుల కత్తులకీ డాళ్లకీ మ్యూజియంలో అద్దాల పెట్టెలున్నాయి. అంతకన్నా ఎక్కువమందికి, ఎక్కువకాలం పనికొచ్చిన రోలుకీ గుండిగకీ చరిత్ర లేకపోతుందా? ఉంది. అదే ఈవేళ చెప్పుకుందాం.

అన్నిటికీ ముత్తవ్వ రాయి. మన దక్కనులో ఇనుము వాడకం రాకముందే, అంటే నాలుగు వేల ఏళ్ల కిందటే, జనం గింజలు నూరుకున్న రాళ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. బళ్లారి దగ్గర సంగనకల్లు అలాంటి చోటే. మన తిరగలి, రోలు, రుబ్బురోలు, సన్నికల్లు ఆ రాతి సంతానమే. పొడి గింజని తిరగలిలో విసురుతాం. బియ్యం, కారం రోట్లో దంచుతాం. నానిన పప్పు పొత్రంతో రుబ్బుతాం. పచ్చడి సన్నికల్లు మీద నూరుతాం. విసరడం, దంచడం, రుబ్బడం, నూరడం - నాలుగు పనులకి నాలుగు మాటలు! ఇప్పుడు మిక్సీ వచ్చి నాలుగింటినీ ‘మిక్సీ వెయ్యడం’ అన్న ఒక్క మాటలో కలిపేసింది.

సంక్రాంతికి అరిసెల పిండి దంచడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఇద్దరు చెరో రోకలి పట్టుకుని ఒకే రోట్లో వంతుగా పోట్లు వేస్తే, ఇంకొకరు జల్లెడ పట్టేవారు. ఇంట్లో చాలకపోతే పొరుగింటి పిన్నిగారు వచ్చేది. రేపు ఆవిడ పిండికి మనం వెళ్లేవాళ్లం.

రోజువారీ బియ్యం సంగతి వేరు. వడ్లు దంచడమే కూలిగా బతికిన ఆడవాళ్లు ఊరూరా ఉండేవారు. మరబియ్యం రాగానే ముందు వాళ్ల చేతిలో పని పోయింది. ఆ తరవాత తినేవాళ్లకీ ముప్పు వచ్చింది. మర బాగా పాలిష్ పట్టి, తవుడుతోపాటు బి1 విటమిన్ని కూడా ఊడ్చేస్తుంది. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు వాచి, గుండె దెబ్బతినే బెరిబెరి జబ్బు మన కోస్తా జిల్లాల్లో బాగా కనిపించేది. ఆ జబ్బు మీద పరిశోధనకే 1918లో నీలగిరుల్లోని కూనూరులో మెకారిసన్ అనే డాక్టరుగారు చిన్న ప్రయోగశాల పెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు వచ్చింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. పనిముట్టు మారితే ఒళ్లు కూడా మారుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇక గిన్నెల దగ్గరికి వద్దాం. పదిమందికి పైగా వండాలంటే ఇత్తడి గుండిగ, రాగి డేగిశా, గంగాళం - ఇవే ఉండేవి. సెగ అంతటా సమంగా పాకుతుంది గనక అన్నం అడుగంటేది కాదు. కానీ చింతపండు పులుసు తగిలితే రాగి, ఇత్తడి చిలుమెక్కుతాయి. అది ఒంటికి మంచిది కాదు. అందుకే లోపల తగరంతో కళాయి పూయించేవారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. కళాయివాడు గిన్నెని కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె వెండిలా మెరిసేది. కళాయి అరిగిన గిన్నెలో పులుసు కాచడానికి మన పెద్దవాళ్లు ఒప్పుకునేవారు కాదు. పులుసుకి రాచ్చిప్పే ఉండేది.

సత్తు గిన్నెలని మనం పిలిచే అల్యూమినియం గిన్నెల కథ మన పక్కనే మొదలైంది. 1898లో మద్రాసు చిత్రకళాశాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే దొర వాటిని చేయించడం మొదలుపెట్టాడు. తేలిక, చవక, కళాయి అక్కర్లేదు. కానీ పులుపు దీనికీ పడదు. ఆ లోటు స్టీలు తీర్చింది. తుప్పుపట్టని ఉక్కుని 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రేర్లీ తయారుచేశాడు. పులుపుకి భయంలేదు, చిలుము లేదు. అయితే స్టీలులో సెగ మెల్లిగా పాకుతుంది. మంట తగిలినచోటే కాగి, పాయసం అడుగంటుతుంది. అంచేత పండగ పాయసానికి మందపు అడుగున్న గిన్నె తీసుకోండి, లేదా అమ్మమ్మగారి ఇత్తడి గిన్నెకి కళాయి పూయించండి.

కుక్కరు మనకి కొత్తగానీ దాని పుట్టుక పాతదే. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి పండితుడు ఆవిరి బిగించి ఎముకల్ని సైతం మెత్తబరిచే పాత్ర కనిపెట్టాడు. అది పేలకుండా ఆవిరి వదిలే వాల్వు కూడా ఆయన పెట్టిందే. కుక్కర్ల తయారీ మన దేశంలో ఊపందుకున్నది 1959 నుంచి. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు. కుక్కర్లో 120 దాకా పోతాయి. కందిపప్పు త్వరగా ఉడికే రహస్యం అదే. పండగనాడు తొందరలో కుక్కర్ని నిండా కూరకండి. పప్పయితే సగానికి మించొద్దు. నురుగు పొంగి వాల్వుకి అడ్డంపడితే ప్రమాదం.

రుబ్బే యంత్రం 1955లో కోయంబత్తూరులో పుట్టింది. మన వంటకి తట్టుకునే మిక్సీ 1963 ప్రాంతంలో వచ్చింది. గారెలపిండికి మాత్రం గ్రైండరే మేలు. రాయి మెల్లిగా తిరుగుతుంది, పిండి వేడెక్కదు, గాలి పట్టి గారె గుల్లగా వస్తుంది.

ఇన్ని వచ్చాయి గదా, మరి మన పని తగ్గిందా? చేతి నొప్పి తగ్గింది, నిజమే. కానీ లెక్క చూడండి. రోటి దగ్గర ముగ్గురుండేవారు, మిక్సీ దగ్గర ఒక్కరే. యంత్రం వచ్చింది గదా అని మనిషి సాయం మానేశాం; ‘మిక్సీలో ఎంతసేపు’ అని మరో రెండు రకాలు పెంచాం. ఆఖరికి అందరూ తిని పడుకున్నాక, అడుగు బొడుగు గీసుకుని తినేది మనమే.

పెళ్లిళ్లలో గాడిపొయ్యి మీద గుండిగలు దించేది మగ వంటవాళ్లే. గొప్ప వంటని నలభీమపాకం అంటాం; ఆ నలుడూ భీముడూ మగవాళ్లే గదా! అలాంటప్పుడు ఇంట్లో కొబ్బరి కోరడానికీ, జంతికల గొట్టం తిప్పడానికీ మగపిల్లలకి నామోషీ ఎందుకు?

ఈ పండక్కి ఇరవైమంది వస్తున్నారనుకోండి. పెద్ద గుండిగ, లోతైన బాణలి, చిల్లుల గరిటె, పప్పుగుత్తి, రెండు కుక్కర్లు ఉంటే చాలు. వాటితోపాటు ఇంకో రెండు జతల చేతులు ముందుగానే పిలిచి పెట్టుకోండి. వడ్డన కాగానే మీ విస్తరి కూడా అందరితోపాటు వేయించుకోండి. నాలుగు వేల ఏళ్లుగా పనిముట్లు మారుతూనే వచ్చాయి. ఇక మారవలసింది ఆ విస్తరి వరసే.