పొద్దెక్కే కొద్దీ పులిసే కల్లు

నరసింహస్వామి కొలువున్న ధర్మపురిలో కల్లు ముచ్చట తీస్తే పెద్దలు మొహం చిట్లించవచ్చు. గోదావరి గట్టు వదిలి పల్లెబాట పడితే మాత్రం తాళ్లు, ఈతచెట్లే ఎదురొస్తాయి. రాయపట్నం వంతెన దాటి పాత ఆదిలాబాద్ జిల్లాలోకి పోయినా అంతే. పోచమ్మకు సాక పోసేది కల్లుతోనే. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఉత్త నోటితో పంపలేక తెప్పించేదీ కల్లే.

జర్మనీవాళ్లు తమ తెల్ల వైన్ రీస్లింగ్‌కు పాత పద్దు చూపిస్తారు. 1435లో ర్యుసెల్స్‌హైమ్‌లో ఒక ప్రభువు తోట కోసం ఆ రకం ద్రాక్ష మొక్కలు కొన్న లెక్క అది. కల్లుకు అట్లాంటి పుట్టినతేదీ ఎవరు రాసిపెడతారు? చెట్టెక్కే మనిషికి పద్దు రాసే తీరికెక్కడిది? అయినా పరాయి కళ్లు ఒకసారి చూశాయి. బాబర్ తన ఆత్మకథలో తాడిచెట్టు గురించి, కుండ కట్టి రసం పట్టే తీరు గురించి రాశాడు. చంబల్ దగ్గర ఈతకల్లు తాగి చూసి, ఎంత తాగినా పెద్దగా హుషారు రాలేదని పెదవి విరిచాడు. పాదుషాకు ఏ పూట కల్లు పోశారో మరి!

కల్లు సంగతంతా ఆ పూటలోనే ఉంది. తాటికి గెల చివర రోజూ పలచగా గీస్తారు. ఈతకు మొవ్వు కింద మానునే చెక్కుతారు. ఏటేటా పక్క మార్చి చెక్కడం వల్ల ముసలి ఈతచెట్టు వంకరటింకరగా కనిపిస్తుంది. లొట్టిలోకి జారే రసం మొదట తేటగా, తియ్యగా ఉంటుంది. నూటికి పది, పన్నెండు పాళ్లు చక్కెరే. లొట్టికి పట్టి ఉన్న ఈస్టు, గాలిలోని బ్యాక్టీరియా దాన్ని వెంటనే అందుకుంటాయి. కల్లు తెల్లదనం వాటిదే. కొన్ని గంటల్లో ఆల్కహాల్ నాలుగైదు శాతానికి చేరుతుంది, మర్నాటికి కల్లు సిర్కా దారి పడుతుంది. సున్నం పూసిన కుండలో పడితే పులవక నీరాగా నిలుస్తుంది.

రీస్లింగ్‌కు కారం కూరలు నప్పుతాయని వైన్ తెలిసినవాళ్లు చెబుతారు. కాస్త తీపి, గట్టి పులుపు, తక్కువ ఆల్కహాల్ కలిస్తే మిరప మంట చల్లారుతుంది. ఘాటు సారా ఆ మంటను ఇంకా రేపుతుంది. కాబినెట్ అనే తేలిక రకంలో ఆల్కహాల్ ఎనిమిది, తొమ్మిది శాతమే. మన కల్లులో అందులో సగం. జర్మన్లు నేలమాళిగ చల్లదనంతో పులియడాన్ని ఆపి ఆ తీపిని కాపాడుకుంటారు. ఇక్కడ ఆపేదేమీ లేదు కాబట్టి తినేదాన్నే పొద్దును బట్టి మార్చుకోవాలి.

పొద్దటి తీపికల్లుకు ఉడికించి పోపు పెట్టిన బొబ్బెర గుడాలు చాలు. పది దాటి, తీపి పులుపు సమానంగా ఉన్నప్పుడు కారం దట్టించిన బోటి కూరకో, తలకాయ కూరకో అసలైన జోడు దొరుకుతుంది. సాయంత్రపు పులుపుకు నూనె కావాలి. నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి వేసి గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి దానికి సరైనది. చేపల పులుసు మాత్రం ఆ పూట వద్దంటాను. పులుపు మీద పులుపు ఏం బాగుంటుంది?

ఈ చెట్ల మీద సర్కారు కన్ను ఎప్పుడూ ఉంది. నిజాం ఆబ్కారీ శాఖకు కల్లు పెద్ద రాబడి, కాంట్రాక్టర్లకు పంట. గీత కార్మికుల సొసైటీలు, గీసేవాడికే చెట్టునిచ్చే టీఎఫ్‌టీ లైసెన్సులు తర్వాత వచ్చినవి. చెట్టు మీంచి పడి గీసేవాళ్ల ప్రాణాలు పోకుండా 2024 జులైలో కాటమయ్య రక్ష కిట్లు పంచడం మొదలుపెట్టారు. చెట్లు తగ్గి గిరాకీ తగ్గని చోట క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం కలిపిన మందుకల్లు దిగింది. దానికి అంచుకు ఏం తినాలో ఆలోచించడం దండగ, ముట్టకపోవడమే మేలు.

2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. చల్లబరిచి ఉంచిన నీరా తియ్యగా, హాయిగానే ఉంటుంది. బోటి కూర పక్కన పెడితే మాత్రం తేలిపోతుంది. కొవ్వును కోసే పులుపు అందులో లేదు.