తెలుగు నేలపై ఇంటర్నెట్ న్యాయం

కంప్యూటర్, మొబైల్ ఫోన్, ఇంటర్నెట్ వాడకం చుట్టూ పుట్టిన చట్టాలకూ తీర్పులకూ భారతదేశంలో మూలం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం. దాన్ని చేసింది పార్లమెంటే అయినా, అందులోని మాటలకు అర్థం తేల్చిన వివాదాల్లో కొన్ని హైదరాబాద్, సికింద్రాబాద్, చీరాలల్లో మొదలయ్యాయి.

తార్నాకను ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కూడా ఈ చరిత్రలో చోటుంది. అక్కడి న్యాయ కళాశాలలో చదివిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి, 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో తీర్పు చెప్పిన ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు. ధర్మాసనానికి నాయకత్వం వహించింది మరో తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ. కశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేతపై వచ్చిన ఆ కేసులో, ఇంటర్నెట్ ద్వారా సాగే భావ ప్రకటనకూ వ్యాపారానికీ రాజ్యాంగ రక్షణ ఉందని కోర్టు తేల్చింది. గడువు లేకుండా సేవలు ఆపడం చెల్లదనీ, నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించాలనీ చెప్పింది. ఉత్తర్వు చేతికి అందితేనే పౌరుడు దాన్ని కోర్టులో సవాలు చేయగలడు. అందుకే ఆ తీర్పులో అన్నిటికంటే విలువైనది ఈ ప్రచురణ నియమమే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చిన తొలి కేసుల్లో సయ్యద్ ఆసిఫుద్దీన్ కేసు ప్రసిద్ధం. రిలయన్స్ చవకగా ఇచ్చిన హ్యాండ్‌సెట్లు ఆ కంపెనీ నెట్‌వర్క్‌లోనే పనిచేసేవి. వాటిలోని ఎలక్ట్రానిక్ సీరియల్ నంబరును మార్చి టాటా ఇండికామ్‌కు మళ్ళించారన్నది ఆరోపణ. సెల్‌ఫోన్ కూడా చట్టం చెప్పే కంప్యూటరేననీ, ఆ నంబరు మార్చడం సోర్స్ కోడ్‌ను తారుమారు చేసే 65వ సెక్షన్ నేరం కిందికి రావచ్చనీ హైకోర్టు 2005లో చెప్పింది.

అంతకంటే చిక్కైనది విశాఖ ఇండస్ట్రీస్ కేసు. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు తయారుచేసే ఈ సంస్థ, తనను విమర్శిస్తూ 2008లో ఒక గూగుల్ గ్రూపులో వచ్చిన రాతలు పరువు తీశాయంటూ సికింద్రాబాద్ మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్ళింది. రాసినవారితో పాటు గూగుల్ ఇండియానూ నిందితుల్లో చేర్చింది. నోటీసు ఇచ్చినా రాతలు తొలగించని సంస్థకు, ఇతరుల రాతలకు వేదికనిచ్చే మధ్యవర్తులకు ఉండే రక్షణ దక్కదంటూ, కేసు కొట్టివేయడానికి హైకోర్టు 2011లో నిరాకరించింది. సుప్రీంకోర్టు తీర్పు 2019 డిసెంబర్ 10న గాని రాలేదు. మధ్యవర్తులకు విస్తృత రక్షణనిచ్చిన సవరణ అమల్లోకి వచ్చింది 2009 అక్టోబర్ 27న. వివాదాస్పద రాతలు అంతకు ముందువి. మధ్యవర్తి రక్షణ గురించిన పాత 79వ సెక్షన్ శిక్షాస్మృతిలోని పరువు నష్టం నేరానికి వర్తించదనీ, మిగతాది విచారణలో తేలాలనీ కోర్టు అంది. పదకొండేళ్ళ తరువాత కూడా విషయం విచారణ మెట్టు దగ్గరే ఉండిపోవడం ఎవరికీ న్యాయం కాదు.

2009లో అమల్లోకి వచ్చిన ఆ సవరణే, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరం చేసిన 66ఎ సెక్షన్‌నూ తెచ్చింది. 2013 మేలో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ రాష్ట్ర అధ్యక్షురాలిగా ఉన్న న్యాయవాదిని, చీరాల ఎమ్మెల్యేపై పెట్టిన ఫేస్‌బుక్ పోస్టుకు హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. విషయం సుప్రీంకోర్టుకు చేరగా, సీనియర్ పోలీసు అధికారి అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద అరెస్టులు చేయవద్దని కోర్టు ఆదేశించింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ శ్రేయా సింఘాల్ కేసులో సెక్షన్‌నే కొట్టేశారు. అయినా దేశంలో పలుచోట్ల పోలీసులు దాని కింద కేసులు రాస్తూనే వచ్చారు. వాటిని ఆపాలని 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది. కొట్టివేసిన సెక్షన్ పేరుతో మనుషుల్ని స్టేషన్‌కు పిలవడం కంటే అన్యాయం ఏముంటుంది?

తెలంగాణ హైకోర్టులో జస్టిస్ ఎన్. తుకారాంజీ 2025 సెప్టెంబర్ 10న ఇచ్చిన మార్గదర్శకాలు సరిగ్గా ఈ స్టేషన్ దశను పట్టుకున్నాయి. సోషల్ మీడియా పోస్టుపై ఎఫ్ఐఆర్ రాసే ముందు, ఫిర్యాదుదారు నిజంగా బాధితుడో కాదో చూడాలి. అవసరమైన చోట ప్రాథమిక విచారణ జరపాలి. పరువు నష్టం ఫిర్యాదైతే మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. కటువైన రాజకీయ విమర్శ అయినంత మాత్రాన కేసు పెట్టకూడదు. కేసు పెట్టాలంటే హింసకు, ద్వేషానికి రెచ్చగొట్టినట్టు ప్రాథమికంగా కనిపించాలి.

పోలీసుల చేతిలోని సాంకేతికత మాత్రం ఇంకా తేలని అంశం. 2021 లాక్‌డౌన్‌లో ఒక సామాజిక కార్యకర్తను హైదరాబాద్ పోలీసులు ఆపి, మాస్కు తీయించి ఫొటో తీశారు. పోలీసులు వాడే ముఖ గుర్తింపు వ్యవస్థకు చట్టబద్ధత ఏమిటని ఆయన వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు నోటీసులు ఇచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రైవేటు సంస్థలపై కొత్త బాధ్యతలు పెట్టింది. కానీ శాంతిభద్రతల వంటి కారణాలు చూపి ప్రభుత్వ సంస్థలను దాని పరిధి నుంచి మినహాయించే అధికారాన్ని 17వ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికే ఇచ్చింది.