యుద్ధానంతర తెలుగు సాహిత్యంలో నిరాశావాదం

మనిషి స్వతహాగా మంచివాడన్న నమ్మకం సడలి, అతని బలహీనతను, స్వార్థాన్ని, క్రూరత్వాన్ని రచనకు కేంద్రంగా చేసుకున్న ధోరణి ఇది. రెండో ప్రపంచ యుద్ధం (1939–45) తర్వాత బలపడింది. విలియం గోల్డింగ్ ఆంగ్ల నవల 'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్' (1954)లో, పెద్దల తోడు లేక దీవిలో చిక్కుకున్న పిల్లలే హంతకులవుతారు. తెలుగులో ఈ ధోరణి మొదట నవలలో, తర్వాత హైదరాబాదు కేంద్రంగా కవిత్వంలో కనిపించింది.

నవల: 1940లలో వచ్చిన గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పేరుపొందింది. వంశ ప్రతిష్ఠను మోయలేక, వదులుకోలేక నలిగిన సీతారామారావు చివరికి శ్మశానంలో తన ప్రాణం తానే తీసుకుంటాడు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధిని తల్లిపై లోకం వేసిన నింద జీవితమంతా వెంటాడుతుంది. రావిశాస్త్రి 'అల్పజీవి' సుబ్బయ్య అందరికీ జడిసే గుమాస్తా. ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టల్ విద్యార్థి రవి ఒక్కరోజు ఆలోచనలే నవీన్ 'అంపశయ్య' (1969).

దిగంబర కవిత్వం: స్వాతంత్ర్యం తెస్తుందనుకున్న మార్పు రాలేదన్న అసహనం 1965 నాటికి ఏవగింపుగా మారింది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే దిగంబర కవులు అసలు పేర్లు వదిలి, కులం జాడ తెలియని కలం పేర్లు పెట్టుకున్నారు. తమ కవితలను 'దిక్కులు' అన్నారు. తమకంటూ వేరే ఋతువులు, వారాలు కల్పించుకున్నారు. 1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాదులో తొలి సంపుటిని ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. రెండోది 1966లో విజయవాడలో హోటల్ కార్మికుడి చేతుల మీదుగా, మూడోది 1968లో విశాఖపట్నంలో ఒక బిచ్చగత్తె చేతుల మీదుగా వెలువడ్డాయి. వేదికపై పెద్దమనుషులకు చోటివ్వకపోవడమే ఆ కవుల తొలి విమర్శ. వారి భాషలోని బూతు, బీభత్సం తీవ్ర వివాదం రేపాయి.

పరిణామం: 1970 జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. చెరబండరాజు, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్ అందులో చేరారు. 1971లో ముగ్గురూ ముందస్తు నిర్బంధ చట్టం కింద అరెస్టయ్యారు.

అంచనా: గోల్డింగ్‌కు చెడు మనిషి పుట్టుకలోనే ఉంది. దిగంబర కవులు మనిషిని ఎంత తిట్టినా, నేరం మాత్రం వ్యవస్థపైనే మోపారు. అందుకే వారిలో కొందరి నిరాశ ఉద్యమానికి దారితీసింది.