గ్రామ కుక్కుటం నుంచి నాటు గుడ్డు దాకా: పెరటి కోడి చుట్టూ అల్లిన అపోహలు



మన వాడల తిండి చరిత్ర మీద రాస్తున్న ఈ వరుసలో ఈసారి పెరటి కోడి. నా క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. గుడ్డు మాంసమేనా? పుంజు లేకుండా పెట్ట గుడ్డు పెడుతుందా? గోధుమరంగు గుడ్డులోనే బలం ఎక్కువటగా? పైకి ఇవి పశువుల డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు. సాహిత్యం పాఠం చెప్పుకునే నాకు వీటితో ఏం పని అనొచ్చు. కానీ ఒక్కో అపోహనూ తవ్వుకుంటూ పోతే అడుగున కులం తగులుతుంది. అందుకే రాస్తున్నాను.

మొదటి అపోహ: కోడి మురికిది, దాన్ని పెంచేవాళ్లూ మురికివాళ్లే.

దీని మూలం పాతది. మనుస్మృతి 5వ అధ్యాయం 19వ శ్లోకం తీయండి. ద్విజుడు తెలిసి తింటే పతితుడవుతాడని చెప్పిన జాబితాలో పుట్టగొడుగు, వెల్లుల్లి, ఉల్లి, ఊరపందితో పాటు ఊరకోడి కూడా ఉంది. అక్కడి మాట 'గ్రామ కుక్కుటం'. ఏ కోడి అయినా అనలేదు, ఊరి కోడి అని విడదీసి చెప్పారు. అడవికోడికీ ఊరకోడికీ రక్తంలో ఉన్న తేడా కొంచెమే. ఊరకోడి మనుషుల మధ్య తిరుగుతుంది, వాళ్లు పారేసింది ఏరుకుని తింటుంది. నా చదువులో ఆ నిషేధం కోడి ఒంటి మీద కన్నా అది తిరిగే చోటు మీద పెట్టింది.

5వ శతాబ్దం మొదట్లో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ ఉత్తరాదిలోని మధ్యదేశం గురించి రాస్తూ, అక్కడి జనం పందుల్నీ కోళ్లనీ పెంచరన్నాడు. అదే చోట, చండాలులు ఊరి బయట ఉంటారనీ, పట్టణంలోకి వచ్చేటప్పుడు కర్ర మీద కొట్టి చప్పుడు చేస్తారనీ, మాంసం అమ్మేది వాళ్లేననీ రాశాడు. ఆయన చూసింది మన ఆంధ్రదేశం కాదు. అయినా కోడి లేని ఊరూ, ఊరి బయటి మనుషులూ ఆ వర్ణనలో పక్కపక్కనే కనిపించడం గమనించండి.

ఈ మురికి మాట మన కాలంలో కొత్త బట్టలు కట్టుకుంది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో, పెద్ద పెద్ద కోళ్లఫారాలున్న చోట, బర్డ్ ఫ్లూ బయటపడింది. చంపిన కోళ్లలో చుట్టుపక్కల ఆదివాసీ పల్లెల పెరటి కోళ్లూ ఉన్నాయి. పెరటి కోడికి ఆ రోగం రాదని నేను అనడం లేదు. 2008లో పశ్చిమ బెంగాల్ పెరళ్లలో విస్తృతంగా వచ్చింది. వైరస్‌కు ఫారమూ పెరడూ ఒకటే. రోగం అనగానే ముందు పేదవాడి వాకిలి వైపు వేలు చూపించడమే అపోహ.

రెండో అపోహ: గుడ్డు తింటే ప్రాణం తీసినట్టే.

పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు. పిల్ల కావాలంటేనే పుంజు కావాలి. గుడ్లకోసం పెంచే ఫారాల్లో పుంజులుండవు. కాబట్టి అంగట్లో కొనే తెల్ల గుడ్డు ఎన్నాళ్లు పొదిగినా పిల్ల కాదు. పెరట్లో పుంజు తిరుగుతుంది కనుక అక్కడి గుడ్డు పిల్ల కావచ్చు. అదీ పెట్ట కింద 21 రోజుల వెచ్చదనం దొరికితేనే. ఈ సంగతి గాంధీకి కూడా తెలుసు. 1942లో జైల్లో ఉండగా మొదలుపెట్టిన ఆరోగ్య పుస్తకంలో, పాలు తాగేవాడు పిల్ల కాని గుడ్డుకు అభ్యంతరం చెప్పనక్కర్లేదని ఆయన రాశాడు. గాంధీతో మనకున్న పేచీలు మనకున్నాయి. కానీ ఆయన పేరు చెప్పి గుడ్డు వద్దనేవాళ్లకు ఈ మాట గుర్తు చేయాలి.

ఎందుకంటే ఇది పిల్లల కంచం సంగతి. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టనివ్వనన్నారు. 2021 డిసెంబరులో కర్ణాటక కొన్ని జిల్లాల బడుల్లో గుడ్డు మొదలుపెడితే కొందరు మఠాధిపతులు అడ్డం తిరిగారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఇంట్లో పప్పు కూడా సరిగా ఉడకని పిల్లకు అది చిన్న లెక్క కాదు. ఇష్టం లేనివాళ్లు తినకపోవడం వాళ్ల హక్కు. పక్కవాడి కంచంలోంచి తీసేయడం హక్కు కాదు.

మూడో అపోహ: గోధుమరంగు గుడ్డులోనే బలం.

పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. సొన పసుపు మేతను బట్టి వస్తుంది. మొక్కజొన్న, ఆకుకూర, బంతిపూల పొడి పెడితే ఫారం గుడ్డు సొన కూడా ముదురు పసుపు అవుతుంది. నాటు గుడ్డు సైజులో చిన్నది, కాబట్టి గుడ్డుకు గుడ్డు లెక్కేస్తే మాంసకృత్తులు తక్కువే. రుచి వేరు, అది నేనూ ఒప్పుకుంటాను.

ఇంకోటి, నాటుకోడి పేరుతో అమ్మేదంతా నాటు కాదు. వనరాజా, గ్రామప్రియ అనే రంగుకోళ్లను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. అవి నాటు పెట్ట కన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ నాటు పెట్టలా పొదగవు. పిల్లల కోసం మళ్లీ కొనుక్కోవాల్సిందే. మా వాడలో తిరిగినన్నాళ్లూ మురికి అనిపించుకున్న కోడి, నగరంలో ఆర్గానిక్ చీటీ అంటించుకోగానే ఫారం గుడ్డుకు రెట్టింపు ధర పలుకుతోంది. కోడి మాత్రం మారలేదు.

నాలుగో అపోహ: పెరటి కోడికి ఖర్చూ లేదు, చాకిరీ లేదు, దానంతటదే బతుకుతుంది.

ఈ మాట చెప్పేవాడు ఎప్పుడూ కోడిని గంప కింద కమ్మి ఉండడు. పొదుగుకొచ్చిన పెట్టకు చోటు చూడాలి. దీపం ముందు గుడ్డు పట్టి పిల్లయ్యేదేదో కానిదేదో తేల్చాలి. చెదలు తెచ్చి పిల్లలకు వేయాలి. గద్దనీ ముంగిసనీ కాచుకోవాలి. కొక్కెర తెగులు వస్తే వాడంతా రాత్రికి రాత్రి ఖాళీ అవుతుంది. ఇదంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ల పని. పెట్టను కొనలేని ఆమెకు ఇంకొకామె పాలుకిచ్చేది, పిల్లల్లో చెరి సగం. బ్యాంకు గడప తొక్కనివ్వని రోజుల్లో అదే వాళ్ల అప్పూ, పొదుపూ. నా పదో తరగతి పరీక్ష ఫీజు మా అమ్మ రెండు పెట్టల్ని అమ్మి కట్టింది. తెలంగాణలో వెట్టి నడిచిన కాలంలో దొరలకీ ఊరికొచ్చిన అధికార్లకీ ఉత్త పుణ్యానికి పోయిన కోళ్లు కూడా ఇలాంటి చేతుల్లో పెరిగినవే.

మన సామెత ఒకటుంది: నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరెలా తెల్లారుతుందని ఒక ముసలమ్మ అనుకుందట. గొప్పలకు పోయేవాళ్లను ఎగతాళి చేయడానికి వాడతాం. నేనిప్పుడు దాన్ని తిరగేసి చదువుతాను. గడియారం లేని ఊరికి పొద్దు చెప్పింది ఆమె కోడి, పొయ్యిలోకి నిప్పిచ్చింది ఆమె కుంపటి. తీసుకున్నవాళ్లంతా ఆమెనే నవ్వులపాలు చేశారు. కోడి కూతకు వెలుతురు కూడా అక్కర్లేదని, దాని ఒంట్లోనే ఒక గడియారం ఉందని 2013లో జపాన్ పరిశోధకులు తేల్చారు.

చివరి అపోహ: ఫారాలొచ్చాక పెరటి కోడి పని అయిపోయింది.

1970ల నుంచి కోళ్ల పరిశ్రమ పెరిగిన మాట, గుడ్డు చవకైన మాట నిజం. ఆ పెట్టుబడీ భూమీ ఎవరి చేతుల్లో ఉన్నాయో మీకు తెలుసు. కానీ 2019 పశుగణనలో దేశంలో ఉన్న 85 కోట్ల కోళ్లలో దాదాపు 31.7 కోట్లు పెరటివే. 2012 లెక్క కన్నా అది సుమారు 46 శాతం ఎక్కువ. ఇన్ని కోట్ల కోళ్ల వెనక ఉన్న ఆడవాళ్ల పేర్లు మన చరిత్ర పుస్తకాల్లో లేవు.

అందుకని విద్యార్థి మిత్రులకు ఒక పని. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ అమ్మనో నాయనమ్మనో అడగండి: మొదటి పెట్ట ఎక్కడిది, దేనికోసం అమ్మింది, ఎవరు డబ్బివ్వకుండా పట్టుకుపోయారు. ఆమె మాటల్లోనే రాసుకోండి, ఊరి పేరు, ఏడాది వేయండి. హాస్టల్ మెనూలోంచి గుడ్డు తీసేస్తామని ఎవరైనా వస్తే, ముందు ఆ కాగితాలు వాళ్ల ముందు పెట్టండి.

వచ్చే భాగంలో ఊరపంది.