కంచుకంఠము

దిక్కులు పిక్కటిల్లే గొంతును ఇంగ్లీషులో ‘స్టెంటోరియన్’ కంఠమంటారు. ఈ విశేషణము గ్రీకు మహాకవి హోమరు ‘ఇలియడ్’ కావ్యము నుండి వచ్చినది.

ట్రాయి యుద్ధములో అఖిలీసు అలిగి కూర్చున్నాడు. గ్రీకు సేన వెనుకంజ వేస్తున్నది. అప్పుడు దేవతల రాణి హీరా, స్టెంటర్ అనే వాని రూపు ధరించి, “సిగ్గు లేదా!” అని సైనికులను గద్దించినది. ఆ స్టెంటర్‌ది యాభైమంది పెట్టు గొంతు. హోమరు దానిని కంచుకంఠమే అన్నాడు; మన తెలుగువారి మాట కూడ అదే కదా! కావ్యములో అతని ప్రసక్తి ఐదవ కాండలో ఈ ఒక్కచోటనే. వంశము చెప్పలేదు, ఊరు చెప్పలేదు. చిత్రమేమనగా, ఆ కేక సైతము అతనిది కాదు, దేవతది.

మైకులు లేని కాలములో గొంతు పోయినంత దూరమే ఆజ్ఞ పోయేది. అందుకే క్రీ.పూ. 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథములో, నగరము మితిమీరి పెరిగితే స్టెంటర్ గొంతు గలవాడు తప్ప చాటింపు వేయగలవాడెవడని అడిగినాడు. 17వ శతాబ్దిలో ఆ పేరు ఇంగ్లీషులో విశేషణమైనది. కుంటనీటిలో బాకా ఆకారముతో ఉండే ఒక ఏకకణజీవికి కూడ శాస్త్రజ్ఞులు స్టెంటర్ అనే పేరు పెట్టినారు. పాపము, దానికి గొంతే లేదు!