పంచాయతీ మెట్లకడ సమానత్వము: స్థానికసంస్థలు, వికలాంగుల హక్కులు

భారతరాజ్యాంగమునకు 1992లో జరిగిన 73, 74వ సవరణములు పంచాయతీలకును పురపాలకసంఘములకును రాజ్యాంగప్రతిపత్తిని కల్పించుచు, వానికి అప్పగింపదగిన విషయములలో వికలాంగుల యోగక్షేమములను గూడ చేర్చినవి; 11వ షెడ్యూలున 26వ అంశముగను, 12వ షెడ్యూలున 9వ అంశముగను అవి నేటికిని కానవచ్చుచున్నవి. కాని ఆ పట్టికలు వికలాంగుని సాయము పొందువానిగా చూచినవే గాని, గ్రామసభలో కూర్చుండి మురుగుకాలువను గూర్చియు వీధిదీపమును గూర్చియు సర్పంచిని నిలదీయగల పౌరునిగా చూడలేదు. 2011 జనగణన ప్రకారము దేశమునందలి వికలాంగులు 2.68 కోట్లమంది, వారిలో నూటికి 69 మంది గ్రామవాసులే. తరువాత 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 1995 చట్టమునందలి 7 వర్గములను 21కి పెంచినది గాన, ఆ హక్కులకు అర్హులైనవారు ఇంతకు మించియే యుందురు. వీరి సమానత్వము శాసనసభలలో కంటె ముందుగా పంచాయతీ కార్యాలయపు మెట్లకడ తేలవలసిన విషయమని నా విశ్వాసము.

పింఛను మాట మొదట చెప్పవలెను. సామాన్యముగా వికలాంగులకు ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016 రూపాయలు లభించుచున్నవి. పేదయింటికి అది గొప్ప ఆధారము. దానిని తక్కువచేసి పలుకుట అన్యాయము. అయితే ఆ నిర్ణయము రాష్ట్రప్రభుత్వమునది. స్థానికసంస్థ తనంతట తాను చెలాయింపగల అధికారము వేఱొకటి యున్నది. అది కట్టడములకు అనుమతి నిచ్చు అధికారము.

సుగమ్యతానియమములను పాటింపని ప్లానునకు అనుమతి యీయరాదనియు, అట్లు కట్టిన భవనమునకు పూర్తియైనట్లు ధ్రువపత్రము గాని, అందు ప్రవేశించుటకు అనుజ్ఞ గాని ఈయరాదనియు 2016 చట్టపు 44వ సెక్షను స్పష్టముగా శాసించుచున్నది. ర్యాంపునకు ఒప్పుకొనబడిన ప్రమాణము 1:12, అనగా అంగుళము ఎత్తునకు అడుగు పొడవు. అరుగు 18 అంగుళములున్నచో ర్యాంపు 18 అడుగులు సాగవలెను. కాని ఊళ్లలోని కార్యాలయములయొద్దను బడులయొద్దను, మెట్ల ప్రక్కన మిగిలిన నాలుగైదడుగుల జాగాలోనే నిట్టనిలువుగా సిమెంటు పోసి, పని పూర్తియైనదని కొలతల పుస్తకమున (ఎం.బుక్కున) వ్రాయుట తఱచుగా కానవచ్చును. చక్రాలకుర్చీలో నున్నవాడు దానిని తనంతట ఎక్కజాలడు. ఇంకొకరు త్రోసినను వెనుకకు జాఱు ప్రమాదము తప్పదు. పట్టుకొనుటకు కమ్మీ యుండదు. ఉన్నచోట ర్యాంపు మొదటనే మోటారుసైకిళ్లు నిలిపియుండును. ఇది ధనాభావము వలన కలిగిన లోపము కాదు, టేపు పట్టి కొలిచి చూడకపోవుటవలన కలిగిన లోపము.

ఈ నిర్లక్ష్యమునకు చట్టనియమములలోనే ఒక సందు ఉండెననుట గమనింపదగినది. 2017 నాటి నియమములలో 15వది ప్రమాణములను కేవలము మార్గదర్శకములుగా విడిచినదనియు, అది మూలచట్టమునకు విరుద్ధమనియు రాజీవ్ రతూరి వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పి, తప్పనిసరి ప్రమాణములను నిర్ణయింపుమని కేంద్రప్రభుత్వమును ఆదేశించినది. ఆ తీర్పునకు ఆధారమైన నివేదికను సమకూర్చినది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయనకేంద్రము. మన నగరమున పుట్టిన ఆ పరిశీలన మన పురపాలకసంఘముల టౌన్‌ప్లానింగు విభాగములలోనే మొదట ఆచరణకు రావలెననుట న్యాయమైన కోరిక.

గ్రామసభ విషయమున వ్యయమైనను అంతగా లేదు. దండోరా చెవిటివానికి వినబడదు, గోడకంటించిన కాగితము గ్రుడ్డివానికి కనబడదు. ఒకే వార్తను రెండు విధములుగాను తెలిపి, సభను మేడమీద గాక నేలమీద జరిపి, సంజ్ఞాభాష నెఱిగినవారిని ముందుగా పిలిచినచో, ఓటర్లందఱి సభయైన గ్రామసభ మాటకు తగినట్లుగా నుండును. కేరళలో స్థానికసంస్థలు మనోవైకల్యముగల బాలలకొఱకు బడ్స్ పాఠశాలలను నడుపుచున్నవి. బిడ్డను పగలు చూచుకొనువారు దొరకుటచే తల్లి కూలికిపోగలుగుట వాని ఫలితములలో చిన్నది కాదు.

ప్రాతినిధ్యపు చరిత్రము మాత్రము బాధాకరము. కుష్ఠురోగికి సభ్యత్వమును నిషేధించిన ఒరిస్సా పురపాలకచట్టమును 2008లో ధీరేంద్ర పాండువా వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెల్లునని చెప్పుచునే, అట్టి నిబంధనము ఇంకను అవసరమా యని ఆలోచింపుమని శాసనసభలను కోరవలసివచ్చినది. 2025లో తమిళనాడు స్థానికసంస్థలలో వికలాంగులను సభ్యులుగా నియమించుటకు శాసనము చేయుట శుభారంభము. అయితే నియమితుడు బడ్జెటు చర్చలోను పనుల తనిఖీలోను పాల్గొననిచో ఆ స్థానము అలంకారమాత్రమగును. ఆంధ్రదేశమున వెలుగు అను పేదరిక నిర్మూలన కార్యక్రమకాలమున మండలస్థాయి వికలాంగుల సమాఖ్యలు ఏర్పడియుండెను. అట్టి సమాఖ్యల ప్రతినిధి ర్యాంపును, మరుగుదొడ్డి తలుపు వెడల్పును స్వయముగా కొలిచి సంతకము చేసినగాని కాంట్రాక్టరునకు తుదిబిల్లు చెల్లింపరాదని ప్రతి పంచాయతీయు తీర్మానింపవలెను. అందుకు కొత్త చట్టము గాని కొత్త పద్దు గాని అక్కఱలేదు.